వెస్టా కాడిల్ పేల్చని గుండు

లారెల్ వాగు లోయలో ఎవరైనా "ఈ తుపాకి మందు బాగుంది" అంటే వెస్టా కాడిల్ తల కూడా ఎత్తకుండా అడిగే ప్రశ్న ఒక్కటే. "ఎన్నిసార్లు పేల్చావు?" మూడుసార్లని చెబితే మళ్ళీ తన పనిలో పడిపోతుంది. పదిసార్లంటే కళ్ళజోడు పైకి తోసుకుని ఓసారి చూస్తుంది. నలభై దాటితేనే కుర్చీ చూపించి కాఫీ పోస్తుంది. మా కెంటకీ కొండల్లో మాటకారులకు కొదవ లేదు. మాట్లాడే ముందు కొలిచి చూసుకునే మనుషులే తక్కువ. ఆ తక్కువలో మొదటి పేరు వెస్టాది.

ఆమెకు డెబ్భై ఒక్క ఏళ్ళు. అందులో ఇరవై తొమ్మిదేళ్ళు కౌంటీ బడి వంటగదిలో గడిచాయి. మూడు వందల మంది పిల్లలకు రోజూ వండి పెట్టేది. ఉప్పు ఎక్కువైందని గానీ రొట్టె పచ్చిగా ఉందని గానీ ఒక్క పిల్లవాడు కంచం తోసేసిన రోజు లేదని ఇప్పటికీ చెప్పుకుంటారు. భర్త ఎల్బర్ట్ బొగ్గు గనిలో పనిచేసేవాడు. వారమంతా భూమి లోపల ఉండే మనిషి, శనివారం వచ్చేసరికి మూతిలోంచి మందు పోసి దట్టించే పాతకాలపు తుపాకి భుజాన వేసుకుని క్లబ్బుకు పోయేవాడు. పెళ్ళాం మొహం చూడ్డానికి ఆదివారమన్నా మిగులుతుందా అంటే ఆరోజు నిద్ర. ఇదేం సంసారమని ఓ శనివారం వెస్టా కూడా వెంట బయలుదేరింది. "నీడలో కూర్చుని చూడు" అన్నాడు ఎల్బర్ట్. "చూడ్డానికా ఇంత దూరం నడిచొచ్చింది?" అని ఆమె తుపాకి లాక్కుంది.

ఎల్బర్ట్‌కు ఓర్పు తక్కువ. అందుకని ఆమెకు విద్య నేర్పింది అతని స్నేహితుడు డోర్సీ ప్రూయిట్. డోర్సీ బొగ్గు లారీ తోలేవాడు. కొండ దారుల్లో నలభై ఏళ్ళు లారీ తోలి ఒక్క కోడిపిల్లను కూడా తొక్కనివాడు. మందు కొలిచి పోయడం, గుడ్డముక్కలో సీసపు గుండును పెట్టి గొట్టం మూతిలోకి నొక్కడం, గట్టి హికరీ చెక్కతో చేసిన పొడవాటి కర్రతో దాన్ని అడుగుదాకా దట్టించడం, అన్నీ ఆమె చేత పదేసి సార్లు చేయించాడు. గుండు వెళ్ళి మందు మీద కూర్చోవాలి. రెంటికీ మధ్య ఖాళీ ఉంటే, పేలినప్పుడు ఆ దెబ్బ గుండుకు కాక గొట్టానికి తగులుతుంది. గొట్టం ఉబ్బుతుంది, ఖర్మ కాలితే చీలుతుంది. లోపల చీకటి కాబట్టి గుండు దిగిందో లేదో కంటికి కనబడదు. అందుకే మావాళ్ళంతా కర్రను జానెడు పైకెత్తి గొట్టంలోకి వదిలేస్తారు. గుండు గట్టిగా కూర్చుని ఉంటే కర్ర గంతేసి టంగుమని మోగుతుంది.

"విన్నావా అమ్మాయ్? అదీ మోత! ఆ మోత వినబడేదాకా టోపీ ముట్టుకోకు" అన్నాడు డోర్సీ ఆరోజు. నిప్పు రాజేసే చిన్న రాగి టోపీ పెడితేనే తుపాకి పేలుతుంది. వెస్టా ఆ మాట మరిచిపోలేదు. తర్వాత ముప్పై మూడేళ్ళలో క్లబ్బుకు కొత్తగా వచ్చిన ప్రతివాడికీ ఆ మోతే నేర్పింది.

ఎల్బర్ట్ ఊపిరితిత్తుల జబ్బుతో పోయాక ఆమె తుపాకి వదిలేస్తుందనుకున్నారు. వదల్లేదు సరికదా, దాన్నో చదువులా పట్టుకుంది. ఆ రోజుల్లోనే పట్నంలో పాత తుపాకి మందు అమ్మే కొట్టు మూతపడింది. అసలు మందు నిల్వ చేయాలంటే ప్రత్యేకంగా గది కట్టాలి, కాగితాలు నింపాలి, వచ్చిపోయే తనిఖీవాళ్ళకు జవాబు చెప్పాలి. ముసలాయనకు విసుగొచ్చి తాళం వేసి కూతురి దగ్గరకు పోయాడు. ఇక ఆ మందు బదులు వాడే మందులు డబ్బాల్లో రావడం మొదలైంది. పొగ రాదని ఒకటి, వాసన రాదని ఒకటి, తుపాకి కడగక్కర్లేదని ఒకటి. డబ్బా మీది రాతలు నమ్మేట్టయితే మా దొడ్లో కోళ్ళు కూడా ఇంగ్లండు రాణికి చుట్టాలే.

వెస్టా ఇంటి వెనక పచ్చికబయల్లో బడివాళ్ళు పారేసిన భోజనాల బల్ల ఒకటి వేసుకుంది. గుండు వేగం కొలిచే చిన్న యంత్రం కొనుక్కుంది. కొత్త మందు ఏది వచ్చినా అక్కడే దాని బండారం బయటపడేది. బడిపిల్లలు రాసుకునే నోటుపుస్తకాల్లో ఒక్కో గుండుకు ఒక్కో వరుస రాసేది. వాతావరణం, మందు కొలత, వేగం, గుండు తగిలిన చోటు, చివర్న "తుడిచాను" అనే మాట. గుండు పేల్చిన ప్రతిసారీ తడిగుడ్డతో ఒకసారి, పొడిగుడ్డతో ఒకసారి గొట్టం లోపల తుడిచేది. లేకపోతే మొదటి గుండుకూ పదో గుండుకూ పోలిక కుదరదు. అలా పదకొండు పుస్తకాలు నిండాయి. నాలుగు కౌంటీల నుంచి మనుషులు ఫోను చేసి "వెస్టా పిన్నీ, ఫలానా మందు కొనమంటావా?" అని అడిగేవాళ్ళు. ఆమె కొనమంటే కొనేవాళ్ళు, వద్దంటే డబ్బా కొట్లోనే పెట్టి వచ్చేవాళ్ళు.

రెండేళ్ళ కిందట బూడిదరంగు మందొకటి వచ్చింది. వెస్టా అరవైసార్లు పేల్చి చూసింది. వేగం ఒక్కలాగే ఉంది, గురి నిలిచింది. పుస్తకంలో "పనికొస్తుంది" అని రాసింది. ఆ మాట బయటకు రాగానే క్లబ్బు క్లబ్బంతా దానికే మారిపోయింది.

నిరుడు సెప్టెంబరు పోటీ నాడు ఆకాశంలో మబ్బు తునక లేదు. నెల రోజులుగా చినుకు పడక వాగులో రాళ్ళు తేలాయి. పొడిగాలికి పెదాలు పగులుతున్నాయి. బహుమతి పొగబెట్టిన పంది తొడ. డోర్సీకి అప్పటికి డెబ్భై ఆరు. కాఫీ కప్పు పట్టుకుంటే చేతులు వణుకుతాయి. తుపాకి ఎత్తితే మాత్రం రాయిలా నిలబడతాయి. నాలుగు గుండ్లు నల్లచుక్కలో పడ్డాయి. అయిదోది పేలినప్పుడు చప్పుడు తేడాగా వచ్చింది, ఎవరో గట్టిగా దగ్గినట్టు. తుపాకి దించి చూస్తే, గొట్టం అడుగు దగ్గర కోడిగుడ్డు మింగిన పాములా ఉబ్బి ఉంది. అది డోర్సీ అమ్మవైపు తాత తన చేతులతో చేసిన తుపాకి. ఎవరికీ దెబ్బ తగల్లేదు. డోర్సీ మాత్రం ఆ ఉబ్బు మీద వేలు పెట్టి చాలాసేపు అలాగే నిలబడిపోయాడు.

క్లబ్బు అధ్యక్షుడు రాండల్ దగ్గరికి వచ్చాడు. హార్డ్‌వేర్ కొట్టు నడిపే యాభై ఏళ్ళ మనిషి, చిన్నప్పుడు వెస్టా చేతి తిండి తిని పెరిగినవాడే. చెడ్డవాడేం కాదు. గొట్టం ఉబ్బడానికి మావాళ్ళకు తెలిసిన కారణం ఒక్కటే, గుండు అడుగుదాకా దిగకపోవడం. అలా పేల్చినవాడు కాల్పుల వరుసలో నిలబడకూడదన్నది క్లబ్బు పుట్టినప్పటి నుంచీ ఉన్న కట్టుబాటు. చీలిన గొట్టం పక్కవాడి కళ్ళు కూడా తీస్తుంది.

"డోర్సీ మామా, వయసన్నాక ఇలాంటివి జరుగుతాయి. సిగ్గుపడాల్సిందేం లేదు" అన్నాడు రాండల్ మెల్లగా.

"కర్ర మోగిందిరా. నేను విన్నాను."

"చెవిలో మిషను పెట్టుకుంటావు కదా మామా..."

వెనకాల ఎవరో కిసుక్కున నవ్వారు.  డోర్సీ ఉబ్బిన తుపాకిని కోటులో చుట్టుకుని, చంటిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని, ట్రక్కు ఎక్కి వెళ్ళిపోయాడు.

తప్పు మందుదా మనిషిదా తేల్చమని రాండల్ వెస్టాను అడిగాడు. ఆమె వరసగా మూడు ఉదయాలు బల్ల దగ్గర కూర్చుని నలభై గుండ్లు పేల్చింది. ఒక్కదానిలోనూ తేడా రాలేదు. "మందులో తప్పు లేదు. తప్పు దట్టించిన చేతిది" అని కాగితం మీద సిరాతో రాసి సంతకం చేసింది. ఆ కాగితం చూసుకుని రాండల్ డోర్సీని వరుసలోంచి తప్పించాడు. అక్టోబరు చివరి శనివారం అందరూ కూర్చుని చేతులెత్తితే అతని పేరు క్లబ్బు పుస్తకంలోంచి కొట్టేస్తారు. ఇక అంతే. భార్య పోయి తొమ్మిదేళ్ళయిన డోర్సీకి శనివారం తప్ప వేరే బతుకు లేదు. వారంలో మిగతా ఆరు రోజులూ ఆయన శనివారం కోసం సామాను తుడుచుకుంటూ గడిపేవాడు.

సంతకం పెట్టిన నాలుగో రోజు వెస్టా గిన్నెలో ఉడికించిన చిక్కుడు గింజలు, మొక్కజొన్న రొట్టె పట్టుకుని అతనింటికి వెళ్ళింది. డోర్సీ వచ్చి జాలీ తలుపు వెనకే నిలబడ్డాడు. గడియ తీయలేదు.

"ఏంటది? గింజలా?"

"గింజలే. రొట్టె కూడా తెచ్చా."

"సంతకం పెట్టిన చేత్తోనే వండావా?"

 వెస్టా గిన్నె మరో చేతికి మార్చుకుని, "నలభై పేల్చాను డోర్సీ. ఒక్కటన్నా తేడా రాలా. ఇంకేం రాయమంటావు?" అంది.

"నువ్వు అబద్ధం రాశావన్నానా? కర్ర మోగిందన్నాను, అంతే. నీకా మోత నేర్పిందెవరు? నేను కాదూ? దాన్ని నేనే పోల్చుకోలేనంటావా?"

"అలా అన్లేదు."

"అన్లేదు. రాశావు."

ఆమె గిన్నెను జాలీ తలుపుకు దగ్గరగా ఎత్తి పట్టుకుంది. అతను మంటలా మండిపడినా బాగుండేది, ఇంత నిదానంగా మాట్లాడుతుంటే తట్టుకోవడం కష్టమైంది. చివరికి డోర్సీయే అన్నాడు.

"అక్కడ పెట్టి వెళ్ళు. ఆకలైనప్పుడు తింటాను. కోపం నీ మీద గానీ రొట్టె మీద దేనికి?"

ఇంటికొచ్చాక వెస్టాకు ఏ పనీ తోచలేదు. నిజం చెప్పాలంటే అతని మాట ఆమె నమ్మలేదు. చెవిలో మిషను, వణికే చేతులు, ఉబ్బిన గొట్టం. ఏ లెక్కన చూసినా తప్పు అతనిదే. అయినా మర్నాడు ఉదయం ఏడింటికల్లా మళ్ళీ బల్ల దగ్గరుంది. ఆ మర్నాడు కూడా. సీసం కరిగించి గుండ్లు పోసుకోవడం, పేల్చడం, తుడవడం, రాయడం. భుజం కమిలి నీలమైతే మడిచిన తువ్వాలు పెట్టుకుని పేల్చింది. అక్టోబరు నడిమికి లెక్క నూట నలభై దాటింది. గుండ్లన్నీ బుద్ధిగా నల్లచుక్కలోనే పడుతున్నాయి. తన పరీక్ష ఇంత చక్కగా నిలబడుతున్నందుకు ఇంకొకరైతే సంతోషించేవాళ్ళు. ఆమె మాత్రం రోజుకో పేజీ నింపి, తిరిగి చదవకుండానే పుస్తకం మూసేసేది.

ఆ ఆదివారం చర్చి నుంచి వచ్చి, వంటింటి బల్ల మీద పుస్తకం తెరిచి మొదటి నుంచి చదువుకుంది. ప్రతి వరుస మొదట్లో "ఉదయం, పొగమంచు". ప్రతి వరుస చివర్లో "తుడిచాను". పేజీకి ఇరవైసార్లు తుడిచాను, తుడిచాను, తుడిచాను. చదువుతూ చదువుతూ ఆగిపోయింది. పోటీలో ఎవడు తుడుస్తాడు? అయిదు గుండ్లకు ఇచ్చేది పావుగంట. పాత మందు రోజుల నుంచీ అయిదూ పేల్చాకే గుడ్డ తీస్తారు. తానూ అంతే. డోర్సీ పేల్చింది మధ్యాహ్నం రెండింటికి, ఎముకలా ఎండిన గాలిలో, తుడవకుండా. తాను పేల్చింది మంచులో తడిసిన గాలిలో, అద్దంలా తుడిచిన గొట్టంతో. నూట నలభైసార్లు డోర్సీ చేసిన పని ఒక్కసారీ చేయలేదు. తన జాగ్రత్త చూసుకుని తాను ఎంత మురిసిపోయిందో తలుచుకుంటే ఆమెకు తల కొట్టేసినట్టయింది.

సోమవారం మబ్బు లేదు, గాలి పొడిగా ఉంది. రెండింటికి బల్ల దగ్గరికి వెళ్ళింది. మొదటి గుండు దట్టించి, కర్ర గొట్టం మూతి దగ్గర ఎక్కడ ఆగిందో అక్కడ సుద్దతో గీత గీసింది. పేల్చింది, తుడవలేదు. రెండు, మూడు, నాలుగు. ప్రతిసారీ సుద్దగీత సరిగ్గా మూతి దగ్గరికే వచ్చింది. అయిదో గుండు దిగుతూ దిగుతూ ఓ చోట గట్టిగా ఆగింది. కర్ర జానెడు ఎత్తి వదిలింది. టంగ్! గంతేసి మరీ మోగింది. ముప్పై మూడేళ్ళుగా వింటున్న మోతే. ఆమె చెయ్యి అలవాటుగా టోపీల సంచిలోకి పోయింది, టోపీ వేళ్ళ మధ్యకు వచ్చింది కూడా.

అప్పుడు సుద్దగీత కనబడింది. మూతికి నాలుగు వేళ్ళ పైన ఉంది.

 టోపీ వెస్టా వేళ్ళలోంచి గడ్డిలో పడిపోయింది. వెనక్కి రెండడుగులు వేసి, మళ్ళీ దగ్గరికి వచ్చింది. ముందు గొట్టంలో నీళ్ళు పోసి మందు తడిపేసింది. తర్వాత కొనకు మర ఉన్న కర్రను గుండులోకి తిప్పి దాన్ని బయటికి లాగింది. గుడ్డ చుట్టి లోపల తోమితే నల్లటి పెళ్ళలు ఊడొచ్చాయి. జావ అడుగంటిన గిన్నెలో మాడు ఎలా ఉంటుందో అలా ఉన్నాయి, గోటితో గీస్తే గీరుకుపోనంత గట్టిగా. పాత మందు వదిలే మసి మెత్తన, గుండు దాన్ని తోసుకుంటూ పోతుంది. ఈ కొత్త మందు పొడిగాలిలో గొట్టం చుట్టూ మాడు కడుతోంది. గుండు వెళ్ళి ఆ మాడు మీద కూర్చుంటోంది. కర్రకేం తెలుసు? గట్టిగా ఉన్నదాని మీద పడితే మోగుతుంది.

డోర్సీ విన్నాడు. సరిగ్గానే విన్నాడు. వెస్టా ఆ బల్ల మీదే తల పెట్టుకుని ఏడ్చింది.

తర్వాత మూడు మధ్యాహ్నాలు అదే పని ఆరు విడతలు చేసింది. నాలుగు విడతల్లో మాడు కట్టింది, రెండింట్లో కట్టలేదు. ఆ రెండూ కూడా పుస్తకంలో రాసింది.

చివరి శనివారం క్లబ్బు ఆవరణలో నలభై మంది దాకా చేరారు. ఉదయం మంచు పట్టింది. రాండల్ సభ మొదలుపెట్టబోతే వెస్టా అడ్డుపడింది.

"మధ్యాహ్నం రెండు కానియ్. గాలి ఎండాలి."

"గాలి ఎండడమేంటి పిన్నీ? చేతులెత్తడానికి గాలెందుకు?"

"నా సంతకం చూసి చెయ్యెత్తబోతున్నారు కదా, అందుకు. అన్నాలు కానివ్వండి ముందు."

తిండి మాట వస్తే మావాళ్ళు వాదించరు. డోర్సీ కూడా వచ్చాడు. ఎవరితోనూ మాట్లాడకుండా తన ట్రక్కు తలుపుకు ఆనుకుని నిలబడ్డాడు. రెండింటికి వెస్టా అందరినీ వరుస దగ్గరకు పిలిచింది. కర్ర మీద గీత గీసి చూపించి, తుడవకుండా నాలుగు పేల్చింది. అయిదోది దట్టించింది. గీత వచ్చి సరిగ్గా మూతి దగ్గర ఆగింది. మాడు కట్టలేదు.

జనంలో గుసగుసలు మొదలయ్యాయి. "ఏం చూపిద్దామని ఇదంతా?" అన్నాడొకడు. డోర్సీ ట్రక్కు తలుపు తెరిచాడు.

"పోనీలే పిన్నీ, నీ బాధ నాకు అర్థమైంది. ఇక ఆపేద్దాం" అన్నాడు రాండల్.

"అర్థం కాలేదు నీకు. నిలబడు అక్కడే. డోర్సీ! ఆ తలుపు మూసి ఇటు రా. పది నిమిషాలు ఓర్చుకోలేవా ముసలాడా?"

డోర్సీ రాలేదు, వెళ్ళనూ లేదు. వెస్టా ఆ గుండు పేల్చేసి, గొట్టం శుభ్రంగా తుడిచి మళ్ళీ మొదలెట్టింది. భుజం నొప్పికి పళ్ళు బిగబట్టి ఒకటి, రెండు, మూడు, నాలుగు పేల్చింది. ఈసారి అయిదో గుండు సగంలో గట్టిపడినట్టు చేతికి తెలిసింది. కర్రను గొట్టంలోనే ఉంచి రాండల్ వైపు తిరిగింది.

"కళ్ళు మూసుకో. కర్ర ఎత్తి వదులు. ఏం వినబడిందో చెప్పు."

రాండల్ నవ్వుతూ కళ్ళు మూసుకుని కర్ర ఎత్తి వదిలాడు. టంగ్! నలభై మందికీ వినబడింది.

"దిగింది" అన్నాడు.

"నిజమేనా? మళ్ళీ విను."

మళ్ళీ వదిలాడు. మళ్ళీ మోగింది. "దిగింది పిన్నీ, ఇందులో అనుమానమేముంది? టోపీ పెట్టెయ్."

"కళ్ళు తెరువు."

రాండల్ కళ్ళు తెరిచి గీత చూశాడు. వంగి దగ్గర్నుంచి చూశాడు. వేళ్ళు పెట్టి కొలిచాడు. నాలుగు.  వేసవంతా ఎన్ని పొడి మధ్యాహ్నాలు ఈ మోత విని ఎన్ని టోపీలు పెట్టామో అందరికీ ఒక్కసారే గుర్తొచ్చింది.

వెస్టా ఆ తుపాకిలో నీళ్ళు పోసింది. సంచిలోంచి తన కాగితం నకలు తీసి గట్టిగా చదివింది. "మందులో తప్పు లేదు. తప్పు దట్టించిన చేతిది. వెస్టా కాడిల్."

చదివి మడిచి పక్కన పెట్టింది. "ఇది తప్పు. పేల్చిన ప్రతిసారీ తుడుస్తూ, పొద్దున్నే మంచులో పేల్చి రాశాను. పోటీలో నేను కూడా అలా పేల్చను. ఈ మందు పనికొస్తుందని మీ అందరికీ చెప్పిందీ నేనే. డోర్సీ మోగిందన్నాడు. మోగింది. ఆయన చెవిని అనుమానించి మీరు నవ్వారు, నేను సంతకం పెట్టాను. ఇక చేతులెత్తేవాళ్ళు ఎత్తండి."

ఒక్క చెయ్యి కూడా లేవలేదు. తప్పు తనదని తెలిసినా ఎవరికీ చెప్పకుండా ఆ ముక్క పుస్తకంలో దాచుకున్నవాళ్ళను నేను చాలామందిని చూశాను. పదకొండు పుస్తకాల మీద సంపాదించిన పేరును నలుగురి మధ్యా తెచ్చి ఇలా బల్ల మీద పెట్టిన మనిషిని ఈమెనొక్కదాన్నే చూశాను. అప్పటికప్పుడే మూడు కొత్త కట్టుబాట్లు పెట్టుకున్నారు. ప్రతి కర్రకూ గీత ఉండాలి. కొత్త మందు వాడేవాళ్ళు ప్రతి గుండుకూ తుడవాలి. తుడవడానికి పావుగంట చాలదు కాబట్టి అరగంట ఇవ్వాలి.

రాండల్ తల మీది టోపీ తీసి చేత్తో పట్టుకుని ట్రక్కు దగ్గరికి నడిచాడు. "మామా..." అని నీళ్ళు నమిలాడు.

"ఊరుకోరా. నీ చోట నేనున్నా అదే అనేవాణ్ణి" అన్నాడు డోర్సీ. అతనితో అంతే. వెస్టా దగ్గరికి మాత్రం నెమ్మదిగా వచ్చి ఎదురుగా నిలబడ్డాడు.

"నువ్వు నన్ను నమ్మలేదు" అన్నాడు.

"నమ్మలేదు."

"మరి నెలంతా ఎందుకు పేల్చుకుంటూ కూర్చున్నావు?"

 "నేను రాసింది తప్పు కావాలని."

 డోర్సీ ఆమె తుపాకి కోసం చెయ్యి చాపాడు. ఆమె తన తుపాకిలో ఇరుక్కున్న గుండు లాగేసి, గొట్టం పొడిగా తుడిచి అతని చేతికిచ్చింది. అతను వరుసలోకి వెళ్ళి తన చోట నిలబడి మందు పోసుకున్నాడు, గుండు పెట్టి దట్టించాడు. కర్ర మూతి దగ్గర ఆగాక వంగి చూశాడు, తల వెనక్కి తీసి మళ్ళీ చూశాడు.

"ఈ సుద్దగీత నా కళ్ళకి ఆనట్లేదు. నువ్వు చూసి చెప్పు. దిగిందా?"

వెస్టా దగ్గరికి వచ్చి, కళ్ళజోడు సవరించుకుని, కర్ర మీద వేలు పెట్టి చూసింది.

"దిగింది."

డోర్సీ కర్ర ఎత్తి మోగించి చూడలేదు, రెండోసారి అడగనూ లేదు. కర్ర బయటికి లాగి ఆమె చేతికిచ్చి, టోపీ పెట్టి, తుపాకి భుజానికి ఆనించాడు.